మేత తక్కువ తినే డేటాబేస్

7 జూలై 2003, సోమవారం

ఎరువుల కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీలో ఇప్పటిదాకా ఒక్క అక్షరం పడలేదు. రాసుకోదగ్గ సంఘటన నా జీవితంలో జరగకపోవడమే కారణం. ఈ రోజు జరిగింది. నన్ను న్యాయమూర్తిని చేశారు.

మధ్యాహ్నం చైర్మన్ గారు పిలిచారు. చైర్మన్ అంటే మా పాల డెయిరీ యజమాని జగన్నాథరావు గారు. గేదెల బేరగాడిగా మొదలై, చిన్న పాలకేంద్రం పెట్టి, ఇప్పుడు తిరువూరు చుట్టుపక్కల ఊళ్ల పాలన్నీ వ్యాన్లలో తెప్పించుకుంటున్నారు. గదిలో ఏసీ నడుస్తున్నా తలుపు తెరిచే పెట్టుకుంటారు. పాల క్యాన్ల చప్పుడు వినబడకపోతే ఆయనకు తోచదు.

"పంతులూ, మనకు రెండు డేటాబేసులు ఎందుకు?" అన్నారు.

ఎందుకో ఎవరికీ తెలియదు. ఏ రైతు ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతం ఎంత అనేదంతా ఒరాకిల్‌లో ఉంటుంది. దాన్ని షైని గారు చూస్తారు. ఊరూరి లెక్క పాల వ్యానుతో పాటు ఫ్లాపీలో వస్తుంది. దాణా స్టోరు, పశువుల మందులు, వ్యాన్ల రాకపోకలు మైఎస్‌క్యూఎల్‌లో ఉంటాయి. దాన్ని నేను చూస్తాను. ఒరాకిల్ నాకంటే ముందు వచ్చింది. మైఎస్‌క్యూఎల్ ఉచితంగా వస్తుంది కాబట్టి నేను తెచ్చాను. ఒకే గదిలో రెండు పొయ్యిలు.

ఇప్పుడు పొయ్యి ఒక్కటే ఉండాలట. విజయవాడ నుంచి ఒక ఏజెంటు వచ్చి ఎస్‌క్యూఎల్ సర్వర్ అని మూడోది కూడా చూపించి వెళ్లాడట. మూడింటిలో దేనికి చాకిరీ తక్కువో తేల్చి రాసి ఇమ్మన్నారు.

"ఏది ఎక్కువ పాలిస్తదని నేనడగట్లా. అన్నీ ఇస్తాయి. ఏది మేత తక్కువ తింటది, ఏది తన్నదు, దేని వెనకాల మనిషి తిరగక్కర్లా, అది చెప్పు నాకు. ఒక్క డేటాబేసు, ఒక్క మనిషి. రెండో మనిషికి ఇక్కడ పని లేదు."

ఆ రెండో మనిషి ఎవరని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. షైని గారితో మాత్రం ఇప్పుడే అనవద్దన్నారు.

నన్నే ఎందుకు రాయమన్నారంటే నేను ఎంసీఏ. షైని గారిది డిగ్రీ మీద ఒక ఏడాది డిప్లొమా. కాబట్టి వాదిని నేనే, ప్రతివాదికి కబురు లేకుండా న్యాయమూర్తినీ నేనే. ఇందుమూలముగా సర్వజనులకు తెలియజేయునది ఏమనగా, తీర్పు నిష్పక్షపాతంగా ఉంటుంది.

8 జూలై

నిష్పక్షపాతంగానే ఉంటుంది.

10 జూలై, గురువారం

నివేదిక మొదలుపెట్టాను. మొదటి పేజీ అద్భుతంగా వచ్చింది. చించేశాను. అందులో ఇలా ఉంది: విష్ణువు అలంకారప్రియుడు, శివుడు అభిషేకప్రియుడు. ఒరాకిల్ విష్ణువు. మేలుకొలుపు నుంచి పవళింపు దాకా సేవలన్నీ వేళకు జరగాలి, ఒకటి తగ్గినా అలక. మైఎస్‌క్యూఎల్ శివుడు. చెంబెడు నీళ్లు, ఒక మారేడాకు, అంతటితో పొంగిపోతాడు. ఎస్‌క్యూఎల్ సర్వర్ కొత్తగా వెలసిన స్వామి. ఆయన మహిమల గురించి ఇంతవరకు పూజారి తప్ప ఇంకెవరూ చెప్పలేదు.

మా నాన్న సోమయాజులు గారు శివాలయంలో అర్చకులు. అన్నం తింటుంటే ఆయనకు ఇది వినిపించాను. "శివుడికి చాకిరీ తక్కువని ఎవడు చెప్పాడ్రా నీకు?" అని, మజ్జిగ అందుకోమన్నారు.

తర్వాత లెక్కలకు దిగాను. దిగాక చెమటలు పట్టాయి.

మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే. నా మిషను కింద ఉన్న బ్యాటరీ చచ్చిపోయి చాలా కాలమైంది. ఏదైనా ఎక్కిస్తూ ఉండగా కరెంటు పోతే టేబుల్ ఎక్కడో ఒక చోట విరుగుతుంది. నేను పరిగెత్తుకెళ్లి రిపేరు కమాండు కొడతాను. స్టోరు సుందరరావు గారు, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వెనకాల నిలబడి ఆపరేషన్ థియేటర్ ముందు బంధువుల్లా చూస్తారు. బాగైంది అనగానే టీ వస్తుంది. ఇన్నాళ్లూ ఇదంతా నా కీర్తి అనుకున్నాను. చాకిరీ లెక్క కట్టేసరికి ఇదే నా మీద నేరారోపణ అయి కూర్చుంది.

ఒరాకిల్ ఆగిపోవడం నేను వచ్చాక ఒక్కసారి కూడా చూడలేదు. షైని గారు పరిగెత్తడమూ చూడలేదు. ఆ లెక్కన ఉండవలసింది ఒరాకిల్. ఆ లెక్కన రెండో మనిషి

వాక్యం రేపు పూర్తి చేస్తాను.

14 జూలై, సోమవారం

షైని గారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని "అక్కా" అన్నాను. ఆమె నాకంటే మూడేళ్లు పెద్ద. మామూలుగా గారు అంటాను.

"అక్కా అన్నావంటే ఏదో కావాలి. ఫ్లాపీనా, టిఫినా?"

"జ్ఞానం."

"అది మొన్ననే అయిపోయింది. ఫ్లాపీ ఉంది, తీసుకో."

ఒరాకిల్‌కు మీరు రోజూ ఏమేం చేస్తారో చెప్పండి, నేర్చుకుంటాను అన్నాను. అది అబద్ధం కాదు. నేర్చుకుంటాను కూడా. ఆమె నా మొహంలోకి ఒకసారి చూశారు, నిజంగానే అడుగుతున్నానా అని. ఆ తర్వాత మొదలుపెడితే టీ చల్లారిపోయినా ఆపలేదు.

పొద్దున్నే మొదటి పాల వ్యాను రాకముందే వస్తారట. నాకు తెలియదు. నేను వెళ్లేసరికి ఎప్పుడూ కూర్చునే ఉంటారు కదా. ముందు రాత్రి తీసిన నకలు టేపు మీదికి సరిగ్గా ఎక్కిందో లేదో చూస్తారు. ఎక్కిందని మిషను చెప్తే నమ్మరు. ఆ టేపులోంచి ఏదో ఒక ఊరి పాలు, గంపలగూడెంవో రెడ్డిగూడెంవో, వెనక్కి తెచ్చి అసలుతో పోల్చి చూస్తారు. డిస్కులో జాగా ఎంత మిగిలిందో చూస్తారు, పేరుకున్న పాత ఫైళ్లు ఖాళీ చేస్తారు, ఏ టేబుల్ నిండబోతోందో ముందే కనిపెట్టి చోటు పెంచుతారు. సాయంత్రం మేమంతా వెళ్లిపోయాక మళ్లీ ఒక విడత.

"ఇవన్నీ చేయకపోతే ఏమవుతుంది?"

"ఏమో. ఎప్పుడూ మానలేదుగా."

ఇన్నేళ్లలో ఈ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే తమ్ముడూ, అన్నారు. ఇంటికొచ్చినప్పుడు బెన్నీకి చెప్తే ఆవలిస్తాడట. బెన్నీ ఆమె తమ్ముడు. విజయవాడలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు, ఈమె జీతం మీదే. వెళ్లేటప్పుడు డబ్బాలో మిగిలిన జంతికలన్నీ నా చేతిలో పోశారు.

జంతికలు బాగున్నాయి.

16 జూలై, బుధవారం

కేవలం నిజాలే రాస్తున్నాను. ఒరాకిల్: రోజుకు మూడు గంటల చాకిరీ, పండగ లేదు, ఆదివారం లేదు, నిపుణురాలైన మనిషి వెన్నంటి ఉండాలి. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం ఉంటే నా కళ్లు పోతాయి. ఆమె కష్టాన్ని ఈ డెయిరీలో మొదటిసారి కాగితం మీద పెట్టిన వాడిని నేనే. ఇంకొకరైతే పట్టించుకునేవారు కూడా కాదు.

మైఎస్‌క్యూఎల్ కింద "వారానికి రెండు మూడు రిపేర్లు" అని రాసి, "అప్పుడప్పుడు స్వల్ప సవరణలు" అని దిద్దాను. భాష మెరుగుపరచడం తప్పు కాదు. తర్వాత "రోజుకు పది నిమిషాలు చాలు" అని కూడా రాశాను. సగటు తీస్తే ఏదో ఒక సగటుకు అంతే వస్తుంది.

ఉద్యోగం రాకముందు రెండేళ్లు బస్టాండులో పేపర్ల కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాణ్ణి. విజయవాడ బస్సు కోసం వచ్చిన ప్రతి తెలిసిన మనిషీ "ఏంటి గురుచరణ్, ఊరికెళ్తున్నావా?" అని అడిగేవాడు. లేదండి అంటే, "మరి?" అనేవాడు. ఆ "మరి" ఉంది చూశారా, దానికి ఎంసీఏలో జవాబు లేదు. ఒకసారి ఆ "మరి" తప్పించుకోవడానికి నిజంగానే బస్సెక్కి మైలవరంలో దిగి, వెంటనే తిరుగు బస్సెక్కి వచ్చేశాను.

మళ్లీ ఆ బల్ల మీద కూర్చోలేను. అంతే. ఇది నివేదికకు సంబంధించిన విషయం కాదు.

21 జూలై, సోమవారం

నివేదిక సమర్పించాను. చైర్మన్ గారు మొత్తం చదివి, బల్ల మీద బోర్లించారు.

"కాగితం మీద ప్రతి గేదే పాలిస్తది పంతులూ. సంతలో నిలబెట్టినప్పుడు పొదుగు కుండలా ఉంటది. ఎందుకనుకున్నావు? ముందు పూట పాలు తియ్యకుండా ఆపి తోలుకొస్తాడు. అది చూసి డబ్బులిచ్చినోడు గోవిందా. అందుకని మూడు పూటలు మన కళ్ల ముందు పిండించి చూడాలి. అప్పుడు మాట్లాడాలి బేరం."

అంచేత డేటాబేసులకూ మూడు పూటల పరీక్ష. వచ్చే సోమవారం సాయంత్రం, మంగళవారం పొద్దున, సాయంత్రం. ఆయనే మా గదిలో కుర్చీ వేయించుకుని కూర్చుంటారట. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను పరీక్షకే పిలవలేదు. అమ్మేవాడు అంతగా మెచ్చుకున్నాడంటే ఆ గేదెకు ఏదో ఉన్నట్టే, అన్నారు.

షైని గారికి ఆయనే చెప్పారు, మీ పని చూడటానికి వస్తానమ్మా అని. ఎందుకు చూస్తున్నారో చెప్పలేదు. చైర్మన్ గారు మా గదిలో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి అవుతుంది. ఆమె బీరువా పైనుంచి దుమ్ము దులిపించారు.

27 జూలై, ఆదివారం

సెలవైనా ఆఫీసుకు వెళ్లాను. నా టేబుళ్లన్నీ ఒక్కొక్కటే తనిఖీ చేసి, ఎక్కడ చిరుగులున్నాయో అక్కడ కుట్టాను. తర్వాత సుందరరావు గారి ఇంటికి వెళ్లి, సోమ మంగళవారాలు దాణా, మందులు, వ్యాన్లు ఏవీ కంప్యూటర్లో కొట్టవద్దనీ, చీటీల మీద రాసి పెడితే తర్వాత నేనే ఎక్కిస్తాననీ చెప్పాను. ఎందుకన్నారు. సర్వీసింగ్ అన్నాను. కంప్యూటర్‌కు కూడా ఆయిలు మారుస్తారా అన్నారు. మారుస్తారన్నాను.

లోపలికి ఏదీ ఎక్కకపోతే ఏదీ విరగదు. సాంకేతికంగా ఇది చాలా మంచి పద్ధతి.

పెళ్లిచూపులకు ముందు ఇల్లు ఊడ్చుకోవడం మోసమా? కాదు కదా.

29 జూలై, మంగళవారం

అయిపోయింది.

మొదటి పూట చైర్మన్ గారు వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. షైని గారు ఆయనకు ప్రతిదీ విడమరిచి చెప్పారు: ఇది నకలు, ఇది పోల్చి చూడటం, ఇది జాగా. ఆయన తలాడించారు. నేను తెర మీద ఒక తనిఖీ నడిపి, నిమిషంలో కుర్చీ వెనక్కి వాలాను. "అంతేనా?" అన్నారు. అంతేనండి అన్నాను.

రెండో పూట ఆయన ఆమె కంటే ముందే వద్దామని వచ్చారు. ఆమె అప్పటికే అక్కడ ఉన్నారు. అది చూసి ఆయన నొసలు ముడిచారు. ఆమె అది మెప్పు అనుకున్నారు. కుర్చీ తెప్పించి ఫ్యాను కింద వేయించారు.

మూడో పూట, రెడ్డిగూడెం ఫ్లాపీ ఎక్కుతుండగా కరెంటు పోయింది. మళ్లీ రాగానే నా మిషను వెలిగింది, తనిఖీ నడిపాను, ఒక్క తప్పు లేదు. ఎలా ఉంటుంది, రెండు రోజులుగా నిద్రపోతోంది. "చెక్కు చెదరలేదే" అన్నారు చైర్మన్ గారు. అటు ఒరాకిల్ బ్యాటరీ మీద ఉంది, అది అసలు ఆగనే లేదు. అయినా షైని గారు మొదటినుంచీ అన్నీ సరిచూడటం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేదాకా ఆయన అలాగే కూర్చుని, వాచీ పెట్టుకుని లేచారు.

"మంచి గేదే. కానీ ఏం మేతమ్మా ఇది."

షైని గారు నవ్వారు. ఆమెకు ఇంకా తెలియదు.

31 జూలై, గురువారం

ఇద్దరినీ పిలిచి నా నివేదిక చదివించారు. నా చేతే. "నిపుణురాలైన మనిషి వెన్నంటి ఉండాలి" అన్నచోట చైర్మన్ గారు ఆపి, ఆమె వైపు తిరిగారు. ఆయన గొంతులో వెటకారం లేదు.

"నీ కష్టం నాకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదమ్మా. పంతులు రాయబట్టి తెలిసింది. ఇంత కష్టం మనకెందుకు చెప్పు? ఆ పది నిమిషాల దానికి మారిపోదాం."

పంద్రాగస్టు లోపల ఒరాకిల్‌లోని పాలన్నీ నా దానిలోకి మార్చాలి. ఆ తర్వాత షైని గారు రానక్కర్లేదు.

నేను కాగితాలు సర్దుకున్నాను. కాగితాలు సర్దుకోవడానికి అంతసేపు పడుతుందని తెలియదు.

1 ఆగస్టు, శుక్రవారం

మధ్యాహ్నం గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే అన్నారు:

"మూడు పూటల్లో నీ దాణా టేబుల్లో ఒక్క వరస పెరగలేదు. ఊళ్లో గేదెలన్నీ ఉపవాసమున్నాయా తమ్ముడూ?"

"ఏకాదశి అండి" అన్నాను. నోరు అలవాటు ప్రకారం అనేసింది. ఆమె నవ్వలేదు.

"ఎవరూ అడగనిది నువ్వు అడిగావని మురిసిపోయి అన్నీ చెప్పాను నీకు. అవన్నీ నా మీదే రాశావు."

రాసిందంతా నిజమే కదండీ అన్నాను. నిజమే, అన్నారు. అదే ఎక్కువ మండుతోంది, అన్నారు. చైర్మన్ గారితో మీరే చెప్పొచ్చుగా అన్నాను. ఆ మాట ధైర్యంతో అన్నానో, ఆమె చెప్పరన్న నమ్మకంతో అన్నానో నాకు తెలియదు.

"నేను చెప్తే ఉద్యోగం కోసం ఏడుస్తోందంటారు. నువ్వు చెప్తే నిజమంటారు. నువ్వే చెప్పు."

సోమవారం చెప్తానన్నాను.

4 ఆగస్టు, సోమవారం

చైర్మన్ గారు ఊళ్లో లేరు.

5 ఆగస్టు

వచ్చారు. మనుషులున్నారు.

6 ఆగస్టు

మనుషులు లేరు. ఆయనకు జలుబు.

8 ఆగస్టు, శుక్రవారం

తలుపు దాకా వెళ్లాను. తెరిచే ఉంది. ఆయన ఫోన్లో ఎవరితోనో "మా పంతులు ఉన్నాడు, వజ్రం" అంటున్నారు. వజ్రం వెనక్కి వచ్చేసింది.

షైని గారు ఇప్పుడు తమ్ముడూ అనడం లేదు. గురుచరణ్ గారూ అంటున్నారు. మీరు అంటున్నారు.

14 ఆగస్టు, గురువారం

ఆమె ఆఖరి రోజు. పాలన్నీ మారిపోయాయి. ఊరూరా మొత్తాలు రెండు పక్కలా సరిపోయేదాకా ఆమె లేవలేదు. పోయే మనిషికి ఎందుకంత పట్టుదల? నేనైతే రెండు ఊళ్లు తారుమారు చేసి పోయేవాణ్ణి.

సంచీ భుజాన వేసుకున్నాక చెప్పారు. "పొద్దున్నే చేసేవన్నీ మీ దానికీ చేయాలి. కమాండ్ల పేర్లే వేరు. నకలు తీసి ఊరుకోకండి, వెనక్కి తెచ్చి చూడండి."

"దానికంత అవసరం లేదేమో అండి."

"దానికి లేకపోవచ్చు. పాలు పోసినవాళ్లకు ఉంటుంది."

పంచ్ డైలాగు నేను వేయవలసిన చోట ఆమె వేసి వెళ్లిపోయారు. గది పెద్దదైంది.

15 ఆగస్టు

సెలవు. జెండా. చాక్లెట్లు పంచారు.

20 ఆగస్టు, బుధవారం

పది నిమిషాల పనికి పూర్తి జీతం ఎందుకని చైర్మన్ గారికి సహజంగానే సందేహం వచ్చింది. పగలంతా దాణా స్టోరులో సుందరరావు గారి పక్కన బస్తాలు తూకం వేయిస్తున్నాను. తెలగపిండి వాసన చొక్కాకు పట్టేసింది. "ఎంసీఏలో ఇది ఏ సెమిస్టరు?" అని సుందరరావు గారు అడుగుతున్నారు. ఆరోది అని చెప్పాను.

ఎదురుగా రోడ్డు మీద షేర్ ఆటోలో షైని గారు కనిపించారు. గంపలగూడెం వైపు. అక్కడేదో స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరారని విన్నాను, తాత్కాలికమట, జీతం ఇక్కడి దానిలో సగమట. బెన్నీ హాస్టలు ఖాళీ చేసి ఇంటి నుంచే బస్సులో తిరుగుతున్నాడట. నేను బస్తా వెనక్కి జరిగాను. బస్తా సన్నది.

25 ఆగస్టు, సోమవారం

గంపలగూడెం సాయంత్రం పాలు ఎక్కుతుండగా కరెంటు పోయింది. ఒరాకిల్ కింది బ్యాటరీ ఇప్పుడు చైర్మన్ గారి గదిలో ఉంది. టేబుల్ విరిగింది. రిపేరు కొట్టాను. బాగైంది, కానీ కొన్ని వరసలు రాలిపోయాయి. ఏ రైతుల పేర్ల ఎదుట అంకె లేదో తెలుస్తోంది, ఎన్ని పాలో తెలియడం లేదు. ఫ్లాపీ అప్పటికే వ్యానులో వెనక్కి వెళ్లి, కొత్త లెక్కతో చెరిగిపోయింది. నకలు నేను మొన్నటి నుంచి తీయలేదు. బస్తాలు ఉన్నాయి కదా.

ఆదివారం సాయంత్రం ఎవరెన్ని పోశారో అవే అంకెలు సోమవారానికీ వేశాను. ఒక్క రోజులో గేదె ఏం మారిపోతుంది.

27 ఆగస్టు, బుధవారం

మారిపోయింది.

గంపలగూడెం కేంద్రంలో పాలు కొలిచే లాజరు ఫోను చేశాడు. "సార్, అక్కమ్మ గేదె ఆదివారం రాత్రి పాము కరిచి చచ్చిపోయింది. మీ కంప్యూటర్ పంపిన లెక్కలో మాత్రం సోమవారం కూడా పాలిచ్చింది. ఆ మందేదో మాకూ చెప్పండి సార్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోనులో అతని పక్కన ఎవరో ఆడమనిషి గొంతు వినబడింది, అది నవ్వడం లేదు.

సాయంత్రానికి విషయం చైర్మన్ గారి దాకా పోయింది. ఆయన లాజరును పిలిపించి నిలబెట్టి తిట్టారు, చచ్చిన గేదెకు పాలు రాస్తావా అని. కంప్యూటర్ తప్పు చేయదని ఆయనకు తెలుసు. మూడు పూటలు కళ్లారా చూశారు. లాజరు, "నేను రాయలేదండి" అని రెండుసార్లు అన్నాడు. అంటూ నా వైపు చూశాడు. అడుగుతున్నట్టు కాదు, నాకు తెలిసి ఉంటుందన్నట్టు.

నేను గొంతు సవరించుకున్నాను. అంతవరకే చేశాను.

వారం పాటు లాజరును కేంద్రానికి రావద్దన్నారు.

28 ఆగస్టు, గురువారం

పొద్దున్నే మొదటి వ్యాను రాకముందే ఆఫీసుకు వెళ్లాను. వాచ్‌మన్ నన్ను దొంగ అనుకున్నాడు. నకలు తీశాను. వెనక్కి తెచ్చి చూశాను. టేబుళ్లన్నీ తనిఖీ చేశాను. మూడు గంటలు పట్టింది. పది నిమిషాలు ఎక్కడి నుంచి తెచ్చి రాశానో గుర్తు రావడం లేదు.

3 సెప్టెంబరు, బుధవారం

రోజూ వెళ్తున్నాను. ఇంట్లో యోగా అని చెప్పాను. ఆఫీసులో ఏమీ చెప్పలేదు. మొన్న ఒక టేబుల్ విరగబోతుంటే ముందే పట్టుకున్నాను. వ్యాను వచ్చేసరికి అంతా మామూలుగా ఉంది. నా వెనకాల ఎవరూ నిలబడలేదు. టీ రాలేదు.

నిజం చెప్పాలంటే ఇప్పుడైనా చెప్పవచ్చు. ఈ చాకిరీ రోజుకు మూడు గంటలనీ, ఒక్కడితో కాదనీ, రెండో మనిషి కావాలనీ. ఆ రెండో మనిషి గంపలగూడెం ఆటోలో ఉంది. ఆ స్కూల్లో ఇంకా తాత్కాలికమే. చెప్పడానికి ఒక మంచి సందర్భం రావాలి.

11 సెప్టెంబరు, గురువారం

వచ్చింది.

పొద్దున్నే నకలు వెనక్కి తెచ్చి పోలుస్తూ ఉన్నాను. రెడ్డిగూడెం వ్యాను దారిలో పంక్చరైందని చైర్మన్ గారు ఆ వేళకే డెయిరీకి వచ్చారు. గదిలో లైటు చూసి లోపలికి వచ్చి నిలబడ్డారు. తెర మీద అంకెలు పరిగెడుతున్నాయి.

"ఏంటి పంతులూ, ఈ వేళప్పుడు?"

ఆయన చాలా మామూలుగా, కోపం లేకుండా అడిగారు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. అందులో కూర్చున్నారు కూడా. ఇంతకంటే మంచి సందర్భం ప్రభుత్వం కూడా ఏర్పాటు చేయలేదు. చూడండి సార్, ఇది ఏమిటో చెప్తాను అంటే చాలు. ఇది నకలు, ఇది పోల్చి చూడటం, ఇది జాగా. ఆ మాటలన్నీ నాకు వరసగా వచ్చు. ఆ గొంతుతో సహా వచ్చు.

"ఇంట్లో కుళాయి రావట్లేదండి. ఇక్కడైతే బోరు నీళ్లున్నాయి కదా, మొహం కడుక్కుందామని."

ఆయన నమ్మారు. నమ్మకపోవడానికి ఆయనకు కారణమేముంది.

"షైని కూడా ఈ వేళకే వచ్చేదంట, వాచ్‌మన్ చెప్పేవాడు. ఆ అమ్మాయి ఇంట్లోనూ కుళాయి రాదేమో అనుకునేవాణ్ణి" అన్నారు. "ఎప్పుడూ అడగలా."

బయట వ్యాను హారన్ వినిపించింది. ఆయన లేచి, తలుపు దగ్గర ఆగారు.

"ఎట్టాగూ వస్తున్నావుగా. రేపట్నించి క్యాన్లు దింపేటప్పుడు దగ్గరుండి లెక్క చూడు. నీకూ ఊసుపోతది."

సరేనండి అన్నాను.

ఆయన వెళ్లాక తెర వైపు తిరిగాను. రెండు పక్కలా సరిపోయాయి. గంపలగూడెం, రెడ్డిగూడెం, అన్నీ.

రేపటి నుంచి ఇంకో గంట ముందు లేవాలి.